సరస్సు మీద నాన్న ట్రక్కు

తాళంచెవులు దాచడంలో సెన్యాను మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. పిండి డబ్బాలో దాచింది. చేప పొట్టలో కుక్కి ఫ్రీజర్లో గడ్డ కట్టించింది. ఒకసారైతే చర్చిలో తాము కూర్చునే బల్ల కింద టేపుతో అంటించి వచ్చింది. ఏం లాభం? వెతకడంలో వాళ్ళ నాన్న రేనో కెటోలాను మించినవాళ్ళు జిల్లా మొత్తమ్మీద లేరు. ఆ చేపే వండమని తనే అడిగాడు. చర్చికి వెళ్ళడం మానేసి ఏళ్ళయినవాడు ఆ ఆదివారం కోటు తొడుక్కుని వచ్చి, ఎవరూ మోకాళ్ళ మీద కూర్చోని ఆ చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ప్రార్థన చేశాడు. పాస్టరుగారి కళ్ళు చెమర్చాయి. రేనో లేచేసరికి తాళంచెవి జేబులో ఉంది.

బ్యాటరీ పీకేస్తే, సెన్యా కారులోది పీకి తన ట్రక్కులో పెట్టుకున్నాడు. ఆ రోజు లైసెన్సు ఉన్న కూతురు ఇంట్లో కూర్చుంది, లైసెన్సు లేని తండ్రి ఊరంతా తిరిగొచ్చాడు.

రేనో వయసు డెబ్బై దాటింది. పని చేసినన్నాళ్ళు కౌంటీ రోడ్ల మీద మంచు తోసే పెద్ద బండి నడిపాడు. మిషిగన్ పైభాగంలో ఆ పని అంటే మాటలు కాదు. ఇంటి కప్పుల దాకా మంచు పడ్డ రోజు కూడా రేనో దారి తీస్తేనే డాక్టరు వచ్చేవాడు, పాలు వచ్చేవి. కళ్ళకు గంతలు కట్టినా ఏ మలుపు ఎక్కడుందో చెప్పగలనని అతని గొప్ప. ఆ గొప్పే అతన్ని ముంచింది. తాగినా నడపగలననుకున్నాడు.

మొదటిసారి దొరికింది క్రిస్మస్ ముందు. రిటైరయినా చెయ్యి ఊరుకోక, సొంత ట్రక్కుకు మంచు తోసే పలక బిగించుకుని, చర్చి ముందు దారి శుభ్రం చెయ్యబోయాడు. చేశాడు కూడా. అక్కడ పేర్చిన క్రీస్తు పుట్టుక బొమ్మల్లో ఒక ఒంటెనూ, ఇద్దరు జ్ఞానులనూ, మూడు గొర్రెలనూ కలిపి కాలవలోకి తోసేశాడు. బాల యేసు మాత్రం తొట్టిలో క్షేమంగా మిగిలాడు. భార్య హెల్మీ అప్పుడు బతికే ఉంది. ట్రక్కును తన పేరుకు మార్పించుకుని, మొగుడితో నెలరోజులు మాట్లాడకుండా వండి పెట్టింది.

రెండోసారి దొరికింది హెల్మీ పోయాక. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సిగ్నల్ దగ్గర, పొద్దున్నే, ఇంజను ఆన్‌లో ఉండగా స్టీరింగ్ మీద తల పెట్టి నిద్రపోయాడు. పోలీసు అద్దం కొడితే, "పచ్చ లైటు కోసం చూస్తున్నా" అన్నాడు. లైటు పచ్చగానే ఉంది. లైసెన్సు పోయింది. మూడోసారంటూ వస్తే జైలేనని జడ్జి చెప్పాడు.

ఊరు ఈ రెండు కథలూ చెప్పుకుని నవ్వింది. సెన్యా కూడా నవ్వింది, నలుగురిలో ఉన్నప్పుడు. కానీ ఆ రెండోసారి పొద్దున సిగ్నల్ దగ్గరికి పరుగెత్తేటప్పుడు దారిలో ఆమె ఇంకొకటి చూసింది. బడి బస్సు కోసం పిల్లలు నిలబడే మంచు గట్టు మీద నుంచి ట్రక్కు చక్రాల గుర్తులు సాగాయి. అటువైపు ఎక్కి, ఇటువైపు దిగాయి. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. గనిలో రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలంతా గురకపెట్టే మొగుడికీ చెప్పలేదు. అప్పటినుంచే తాళంచెవుల దాగుడుమూతలు మొదలయ్యాయి.

ఆ ఊరికో సరదా ఉంది. ఏటా చలికాలం, సరస్సు గట్టిగా గడ్డకట్టాక, ఒక పాత కారును తీసుకెళ్ళి మంచు మీద నిలబెడతారు. ఇంజను, నూనె, పెట్రోలు అన్నీ ముందే తీసేసి, పొడుగాటి గొలుసు కట్టి వదిలేస్తారు. వసంతం వచ్చి మంచు కరిగినప్పుడు అది ఏ రోజు, ఏ గంటకు మునుగుతుందో ఊరంతా పందెం కాస్తుంది. వచ్చిన డబ్బుతో అగ్నిమాపక దళానికి గొట్టాలూ బూట్లూ కొంటారు. మునిగినదాన్ని గొలుసు పట్టి లాగేస్తారు.

ఆ జనవరిలో చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళందరూ అమ్మకానికి పాస్టీలు చేస్తున్నారు. మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ పిండి రేకులో పెట్టి, కజ్జికాయకు మల్లే అంచు మడిచే పని సెన్యాది. అగ్నిమాపక దళం పెద్ద క్లిఫ్ బోడ్రీ రుచి చూసే వంకతో వచ్చి, రెండోది కూడా రుచి చూస్తూ గోలపెట్టాడు.

"ఈ ఏడు బండి దొరకలేదు తల్లీ. అందరూ తుక్కు కొట్టుకి అమ్ముకుంటున్నారు. ఊరి పరువు పోయేలా ఉంది."

సెన్యా తల ఎత్తలేదు. వేళ్ళు అంచు మడుస్తూనే ఉన్నాయి.

"మా నాన్న ట్రక్కు తీసుకుపో."

 ఎవరి చేతిలోనో ఉల్లిపాయ కింద పడి దొర్లింది.

"రేనో ట్రక్కా? నన్ను చంపుతాడమ్మా."

"బండి అమ్మ పేరు మీదుండేది. అమ్మ పోయాక నా పేరు మీదికొచ్చింది. ఇచ్చేది నేను. నిన్ను చంపితే ఆ కేసు నేను చూసుకుంటాలే."

"మరి తాళంచెవి?"

"లాగేదానికి తాళంచెవి ఎందుకు?" అని ఇంకో పాస్టీ అంచు మడిచింది.

శనివారం సాయంత్రం రేనో సౌనాలోకి వెళ్తాడు. పెరట్లో చెక్క గది, లోపల ఎర్రగా కాలిన రాళ్ళు, రాళ్ళ మీద నీళ్ళు, ఒళ్ళంతా ఆవిరి. ఇల్లు కాలిపోతున్నా ఆ గంట మాత్రం అతను బయటికి రాడు. సరిగ్గా ఆ గంటకే క్లిఫ్ తన లారీ తెచ్చి, ట్రక్కుకు కొక్కెం తగిలించాడు. అంతా అయిపోయేదే. కానీ రేనో ఆ రోజు బీరు మంచులో చల్లబెట్టి మరిచిపోయాడు. దానికోసం తలుపు తీశాడు.

ఉడికిన పీతలా ఎర్రగా, ఒంటినిండా పొగలు కక్కుతూ, నడుముకో తువ్వాలుతో డెబ్బై దాటిన మనిషి మోకాలి లోతు మంచులో తన ట్రక్కు వెనక పరుగెత్తడం ఆ వీధివాళ్ళు జన్మలో మరిచిపోరు. మలుపు దగ్గర తువ్వాలు జారింది. అయినా ఆగలేదు.

"దొంగ వెధవా! క్లిఫ్! ఆపరా! నీ బాబుకి నేను దారి తీసి డాక్టర్ని తెచ్చాన్రా!"

"మీ అమ్మాయినడుగు రేనో!" అని అరిచి క్లిఫ్ వేగం పెంచాడు.

సెన్యా దుప్పటి పట్టుకుని వెనకాలే వచ్చింది. "కప్పుకో నాన్నా. అందరూ చూశారు. ఇంక ఎవరికీ ఏ అనుమానమూ లేదు."

రేనో వారం రోజులు కూతురితో మాట్లాడలేదు. సెన్యా మాత్రం రెండేళ్ళలో మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. ఇంజను లేని ట్రక్కు, తీరానికి దూరంగా, ఒడ్డునున్న డోటీ బారు కిటికీకి ఎదురుగా, ఊరంతటికీ కనబడేలా నిలబడి ఉంది. ఎత్తుకుపోవడానికి లేదు, నడపడానికి లేదు. పని అయిపోయిందనుకుంది. ఒక్కటే మరిచిపోయింది. నడవకపోయినా ఆ బండిలో సీటుంది.

వారం గడిచాక రేనో సీసా ఒకటి కోటులో పెట్టుకుని సరస్సు మీద నడుచుకుంటూ వెళ్ళి ట్రక్కెక్కి కూర్చున్నాడు. మర్నాడూ వెళ్ళాడు. మంచుకు కన్నం తొలిచి చేపలు పట్టేవాళ్ళు చుట్టూ చేరారు. ఒకడు సారాయి, ఒకడు వేయించిన జున్ను, ఒకడు పేకముక్కలు తెచ్చాడు. మూసే వేళంటూ లేని బారొకటి తండ్రికి తన చేత్తోనే పెట్టించి ఇచ్చానని సెన్యాకు ఫిబ్రవరిలో అర్థమైంది. పోనీలే, అక్కడ గట్టెక్కి తొక్కడానికి పిల్లలు లేరుగా అని సరిపెట్టుకుంది.

మార్చి పోయి ఏప్రిల్ వచ్చింది. మంచు రంగు మారింది. చేపలవాళ్ళు తమ గుడిసెలు ఒడ్డుకు లాగేసుకున్నారు. రేనో మాత్రం వెళ్తూనే ఉన్నాడు. అప్పుడు బారులో పందెపు కమిటీ సమావేశమైంది.

"మనిషి బరువు లెక్కలోకి రాదు. దిగమనండి," అన్నారు నెలాఖరు తేదీ కాసినవాళ్ళు.

"పాపం, ముసలాయన కూర్చుంటే మీకేం? కాస్త మంచి తిండి పంపండి," అన్నారు ముందు తేదీ కాసినవాళ్ళు. బారు యజమానురాలు డోటీ తన వంతుగా రోజూ పెద్ద బుట్ట నిండా వేపుళ్ళు ఉచితంగా పంపిస్తోందని అప్పుడే బయటపడింది. ఆవిడ కాసిన తేదీ మరీ దగ్గరలో ఉంది.

"సిగ్గులేదటే డోటీ?" అన్నాడు క్లిఫ్.

"నేనేం ఆయన్ని కూర్చోమన్నానా? ఆకలితో కూర్చోవద్దన్నానంతే!"

నవ్వులయ్యాక క్లిఫ్ బయటికొచ్చి సెన్యాను పక్కకు పిలిచాడు. ముఖంలో నవ్వు లేదు.

"నిన్న మీ నాన్న నాకు మంచు తొలిచే బరమా ఇచ్చాడు. ఉంచుకోరా అన్నాడు."

"అరువా?"

"కాదు. ఉంచేసుకోమన్నాడు."

ఆ ఊళ్ళో మగవాడు పెళ్ళాన్ని వదులుకుంటాడేమో గానీ బరమాను వదులుకోడు. వచ్చే చలికాలం ఉండదనుకున్నవాడే ఇస్తాడు. సెన్యా నేరుగా ఇంటికెళ్ళింది. పాకలోంచి తేలికపాటి అల్యూమినియం పడవను లాగి, దాని తాడు నడుముకు చుట్టుకుని, మంచు మీదికి దిగింది.

సెన్యా పెద్ద మనిషి. చర్చి వంటగదిలో ఆమె నిలబడితే పక్కనుంచి ఎవరూ దాటలేరు. చిన్నప్పటినుంచి మంచు మీద నడవాలంటే భయం. అడుగడుక్కీ కింద ఏదో మూలుగుతోంది. బారు కిటికీలకు జనం అతుక్కుపోయారు. ఆమె వెనక్కి చూడలేదు. ట్రక్కు దాకా వెళ్ళి, డ్రైవరు పక్క సీటు తలుపు తీసి ఎక్కి కూర్చుంది. బండి ఒకవైపు ఒరిగింది.

"దిగు నాన్నా."

"దిగను. నా బండి."

"అమ్మ బండి. తర్వాత నాది. ఇన్నాళ్ళూ నువ్వు అరువు బండి తోలావు."

"అయితే నీ బండిలో నేను ప్రయాణికుణ్ణి. పోనియ్."

"ప్రయాణికుడు కూర్చునే సీటు ఇది. అది డ్రైవరుది."

రేనోకు నవ్వొచ్చి ఆపుకున్నాడు. సీసా సగంలో ఉంది. సెన్యా కాళ్ళ కింద ఏదో లోతుగా తగిలి వంగి చూసింది. రబ్బరు చాపకు మడమంత కన్నం.

"ఇదేంటి, ఎలుకలు కొట్టాయా?"

"మీ అమ్మ." రేనో ఎదురుగా అద్దంలోంచి చూస్తూ అన్నాడు. "నేను బండి తోలినన్నాళ్ళూ అక్కడ కూర్చుని బ్రేకు తొక్కేది. ఎక్కడ నెమ్మదించాలో నాకంటే ముందు ఆవిడ కాలికి తెలిసేది. నాకు ఒళ్ళు మండేది. నీ వైపు బ్రేకు లేదే పిచ్చిదానా అనేవాణ్ణి. కానీ ఆ కాలు కదిలితే నేను నెమ్మదించేవాణ్ణి." చేత్తో అద్దం తుడిచాడు. "ఇప్పుడు ఆ పక్క ఎవరూ తొక్కరు."

సెన్యా ఆ కన్నం మీద మడమ ఆనించి కూర్చుంది. తల్లి పోయిన దగ్గరనుంచి ఇద్దరూ ఆమె గురించి మాట్లాడుకోవడం అదే మొదలు. 

"నాన్నా, ఆ రోజు పొద్దున నువ్వు బడిపిల్లలు నిలబడే గట్టు మీదనుంచి పోనిచ్చావు. చక్రాల గుర్తులు చూశాను."

రేనో చేతిలో సీసా ఆగింది.

"పిల్లలు…"

"ఇంకా రాలేదు. కాసేపాగితే వచ్చేవాళ్ళు."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు. బూటుతో మంచు తోసి చెరిపేశాను. ఆ పని ఇంకోసారి చెయ్యలేను."

కింద మంచు పెద్దగా చిట్లింది. తుపాకీ పేలినట్టు సరస్సు ఆ ఒడ్డుదాకా శబ్దం పాకింది. సెన్యా నెమ్మదిగా కోటు జేబులోంచి గుడ్డలో చుట్టిన పాస్టీ తీసి తినడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"తింటున్నా."

"పిచ్చా నీకు? విన్నావా ఆ చప్పుడు?"

"విన్నా. నువ్వు దిగనంటున్నావుగా. నేనూ ఇక్కడే ఉంటాను."

"నువ్వెంత బరువున్నావో తెలుసా!"

"తెలుసు. నీ చలవే. నువ్వు బండేసుకుని బయటికెళ్ళిన ప్రతిసారీ కిటికీ దగ్గర కూర్చుని, నువ్వొచ్చేదాకా తింటూనే ఉన్నా."

రేనో ముఖం తెల్లబడింది. మంచు గురించి ఆ ఊళ్ళో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. సీసా కిటికీలోంచి విసిరేశాడు. మత్తంతా ఎటు పోయిందో, మంచు బండి మీద కూర్చున్న రోజుల గొంతు ఒక్కసారిగా పైకొచ్చింది.

"తలుపు మెల్లగా తియ్యి. నిలబడకు. పడవలో బోర్లా పడుకో. ఆ తిండి పక్కన పడెయ్!"

"పడెయ్యను."

"సరే, నోట్లో పెట్టుకునే పడుకో!"

అతను పడవను వెనకనుంచి పట్టుకుని, బోర్లా పాకుతూ, ఎక్కడ మంచు నల్లగా ఉందో చూసుకుంటూ తోశాడు. "కుడికి ఒరగకు. ఊపిరి పీల్చుకో. నువ్వు పీల్చుకోకపోతే బరువేం తగ్గవు." ఒడ్డు చేరేసరికి ముసలాయన మోచేతులు చెక్కుకుపోయాయి. ఒడ్డున సగంమంది చప్పట్లు కొట్టారు. ఆ రోజుకు పందెం కాసిన డోటీ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఇంకొక్క పాస్టీ తినుంటే సరిపోయేది కదే తల్లీ," అని వాపోయింది.

మర్నాడు సెన్యా క్లిఫ్ ఇంటికి వెళ్ళింది. నిరుడు బండి మునిగిన సమయం గురించి బారులో చూసినవాళ్ళంతా తలా ఒక మాట చెప్పడం, రెండు కుటుంబాలకు ఇప్పటికీ మాటల్లేకపోవడం గుర్తుచేసింది.

"ఈసారి ఒకే సాక్షి ఉండాలి. పందెం కాయనివాడు, మంచు తెలిసినవాడు."

"ఎవరు?"

"మా నాన్న. మా వంటింటి కిటికీలోంచి బాగా కనిపిస్తుంది."

"తాగకుండానా? నీకు జ్వరమేమైనా వచ్చిందా?"

"ఆ మాటే నాన్న ముందు అను."

క్లిఫ్ వచ్చి అన్నాడు. అనవలసినదానికంటే రెండు మాటలు ఎక్కువే అన్నాడు. "కమిటీలో ఎవరూ ఒప్పుకోవట్లేదు రేనో. ఒక్క పూట కూడా ఆగలేడంటున్నారు."

"ఎవడన్నాడు? పేరు చెప్పు! మంచు తుఫానులో రెండు రాత్రులు కన్నార్పకుండా బండి తోలినవాణ్ణి!"

"నేనన్లేదు బాబూ."

"వెళ్ళి చెప్పు. నేనే చూస్తాను. గడియారం సరిచేసి పెట్టమను."

ఆ రోజులు సుఖంగా గడవలేదు. రేనోకు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. డాక్టరొచ్చి మాత్రలిచ్చి, ఒంటరిగా వదలొద్దని గట్టిగా చెప్పి వెళ్ళాడు. సెన్యా కిటికీ దగ్గర కుర్చీకి తలగడలు కట్టింది. అతను కాఫీని తిట్టాడు, సూపును తిట్టాడు, అల్లుడి గురకను తిట్టాడు, సరస్సును తిట్టాడు. కుర్చీ మాత్రం వదల్లేదు. అతను స్నానానికి లేస్తే సెన్యా కూర్చోవాలి. "రెప్ప వెయ్యకు. ఊరి నమ్మకమే అది," అని హెచ్చరించి వెళ్ళేవాడు.

చర్చి నేలమాళిగలో తాగుడు మానేవాళ్ళంతా గురువారాలు కలుసుకుంటారని సెన్యా ఒకసారి అంది. "అక్కడ కాఫీ ఎలా ఉంటుంది?" అన్నాడు. "నా కాఫీ కంటే ఘోరం," అంది. "అసాధ్యం," అని మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, ఎండ బాగా కాసి, ట్రక్కు ముందు చక్రాలు మొదట కుంగాయి. తర్వాత ఎవరికో తలవంచి నమస్కారం పెట్టినట్టు ముందుకు ఒరిగి, అంతా ఒకేసారి పోయింది. నీళ్ళు కలిసిపోయాయి. రేనో గడియారం చూసి, సమయం పైకి చెప్పి, సెన్యాతో రాయించాడు. అప్పుడు మాత్రం మొహం తుడుచుకున్నాడు.

పందెం గెలిచింది పక్క ఊరి పళ్ళ డాక్టరు. ఊరంతా మండిపడింది. కానీ సాక్షి మాట మీద ఒక్కరూ పేచీ పెట్టలేదు. పెట్టడానికి ఆస్కారం లేకుండా రేనో నిలబడ్డాడు, అదీ తిన్నగా.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. డోటీ ఫోను చేసింది. "సాక్షిగారిని పంపించు సెన్యా. ఈ రోజు ఎంత తాగితే అంత ఉచితం. అందరూ ఎదురుచూస్తున్నారు." ఫోను గట్టిగా వినబడుతుంది, రేనో అంతా విన్నాడు. లేచి బూట్లు తొడుక్కున్నాడు. సెన్యా గిన్నెలు కడుగుతూ ఉంది. వెనక్కి తిరగలేదు. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

గుమ్మం దగ్గర అతను ఆగాడు.

"ఆ గురువారం సంగతి. ఇవాళ ఏ వారం?"

"మంగళవారం."

"మరి మంగళవారాలు ఏం చేస్తారు వాళ్ళంతా?"

"పక్క ఊళ్ళో కలుస్తారు."

"ఎంత దూరం?"

"నడిస్తే రేపటికి వెళ్తావు. నా కారులోనైతే అరగంట."

"నీ డ్రైవింగులోనా? దేవుడా." కోటు వేసుకున్నాడు. "ఆ డాక్టరు మొహం కూడా చూడొచ్చు. నా ట్రక్కు మీద గెలిచిన డబ్బుతో ఎవరి పళ్ళు పీకుతాడో."

దారి డోటీ బారు ముందు నుంచే. మలుపు తిరగ్గానే డోటీ గుమ్మంలో కనిపించింది, చేతిలో నురుగు పొంగుతున్న పెద్ద గ్లాసుతో, వెనక అరుస్తున్న జనంతో. రేనో సీటులో ముందుకు వంగాడు.

"ఆపు."

సెన్యా వేగం పెంచింది. గ్లాసు, డోటీ, జనం అన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి.

"ఆపమన్నానా లేదా? చెయ్యి ఊపుదామనే గదే!"

"తిరిగొచ్చేటప్పుడు ఊపుదువుగాని నాన్నా," అంది సెన్యా, యాక్సిలరేటరు మీది కాలు తియ్యకుండా.